మూర్ఛకు ఎవరి పేరూ పెట్టకండి



పండుగ పూట జబ్బు సంగతి చెబుతున్నానని ఏమీ అనుకోకండి. ఆరేళ్ల కిందట రాత్రి స్టడీ అవర్‌లో పిల్లల ఎదుటే నాకు మూర్ఛ వచ్చింది. చేతిలో తాళాలగుత్తి పెట్టారు. ఊళ్లో చిల్లంగి అన్నారు. ఒక ముసలమ్మ పేరు కూడా చెప్పేశారు.

స్కానింగులో మెదడులో రక్తం గడ్డకట్టిందని తేలింది. రక్తపరీక్ష చేసి, 12 వారాలు దాటాక మళ్లీ చేసి, యాంటీ ఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అన్నారు. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలే దారితప్పి రక్తం గడ్డకట్టేలా చేస్తాయట. అంటుజబ్బు కాదు. కడుపు నిలవకపోవడానికీ ఇది కారణం కావచ్చు. నాకు రెండుసార్లు పోయింది. అప్పుడు అందరూ నన్నే అన్నారు.

ఇప్పుడు రోజూ వార్ఫరిన్, మూర్ఛ మాత్ర వేసుకుంటాను. ఐ.ఎన్.ఆర్. పరీక్షలో 2 నుంచి 3 మధ్య ఉండాలని నాకు చెప్పారు. ఆకుకూర మానలేదు, రోజూ ఒకే మోతాదులో తింటాను. నొప్పి మాత్రయినా, మన ఆకుమందయినా డాక్టరును అడగకుండా వేసుకోను. వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం కావచ్చు.

పిల్లలూ, ఎవరికైనా మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, అదిమి పట్టకండి. గడియారం చూడండి. మొదటిసారి వచ్చినా, 5 నిమిషాలు దాటినా 108కి ఫోన్ చేయండి.

ఆ ముసలమ్మ మూడు నెలలు ఊటబావి దగ్గరికి రాలేదు. రిపోర్టు పట్టుకుని ఆమె గుమ్మంలోకి వెళ్లాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని చేత్తో తడిమి, "అయితే నేను కాదు కదమ్మా" అంది.

ఆ మాట ఇంకెవరి నోటా రాకూడదు. సెలవు.