రాకెట్టు కూలిన మర్నాటి వార్త

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను శాస్త్రవేత్తను కాను. సైన్సు వార్త, అందులోనూ అంతరిక్షం వార్త కనిపిస్తే చివరి వాక్యం దాకా చదవందే పేపరు మడవలేని అలవాటున్నవాణ్ణి. అందుకే నన్ను పట్టుకొచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఇచ్చిన కొద్ది సమయంలో ఒక్క మాటే చెబుతాను. రాకెట్టు ఎగిరిన రోజు వార్త అందరం చదువుతాం. కూలిన మర్నాటి నుంచి వచ్చే వార్తల్ని పెద్దగా ఎవరం పట్టించుకోం. నా ఉద్దేశంలో అసలు సైన్సు ఉన్నది ఆ రెండో రకం వార్తల్లోనే.

మన సంఘం పుట్టిన 1975లోనే, ఏప్రిల్ 19న, దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ రాకెట్టు మీద ఆకాశానికి వెళ్లింది. తర్వాత దాని బొమ్మను రెండు రూపాయల నోటు వెనక వేశారు. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ నోటు జేబులో పెట్టుకుని తిరిగినవాళ్లే. అయితే విద్యుత్ సరఫరాలో లోపం వల్ల ఆర్యభటలోని శాస్త్ర ప్రయోగాలు కొద్దిరోజులకే ఆగిపోయాయన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఆ మాట చెప్పినందువల్ల ఆర్యభట గౌరవం తగ్గదు. ఉపగ్రహాన్ని తయారుచేయడం, ఇక్కడినుంచి దాన్ని నడపడం మనవాళ్లు దానితోనే నేర్చుకున్నారు. ఆ లోపం కూడా ఆ చదువులో ఒక పాఠమే.

తర్వాతి పాఠం మన శ్రీహరికోటలో జరిగింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై, రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ తానే విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత తీసుకున్నారనీ, 1980 జూలై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం కలాం గారిని ముందుకు పంపారనీ మనందరికీ కంఠతా వచ్చు. నాయకత్వం మీద ఉపన్యాసమిచ్చే ప్రతివారూ చెప్పే కథ ఇది. మంచి కథే, కానీ సగం కథ. మిగతా సగం, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయిందని తేల్చిన మనుషుల పని. యంత్రమంతా సముద్రం పాలయ్యాక, చేతిలో మిగిలిన అంకెలను పట్టుకుని ఆ ఒక్క వాల్వు దగ్గరికి చేరుకున్నారు. ధవన్ గారి పెద్దమనసు వాళ్లకు ఊపిరి తీసుకునే వీలిచ్చింది. మరుసటి రాకెట్టును ఎగరేసింది మాత్రం ఈ వెతుకులాటే.

ఇటీవలి సంగతికి వద్దాం. 2019 సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటాక, చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ నుంచి సంకేతాలు ఆగిపోయాయి. అప్పటికి చంద్రుడి నేల ఇంకా కొద్ది దూరంలోనే ఉంది. ఇస్రో అధ్యక్షుడి కన్నీళ్లు దేశమంతా చూసింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దిగినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. కన్నీళ్లకూ చప్పట్లకూ మధ్య నాలుగేళ్లున్నాయి. ఆ నాలుగేళ్లలో ఏం జరిగింది?

విక్రమ్ ఇంజన్లు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ బలంతో నెట్టాయి. ఆ చిన్న తేడా కూడుతూ కూడుతూ పెద్దదైంది. దాన్ని సరిచేసుకోవడానికి నౌక వేగంగా తిరగాలి, అంత వేగంగా తిరగడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. పైగా దిగమన్న చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న చెక్క. ఇదంతా తేల్చాక చంద్రయాన్-3కి దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. కాళ్లను బలంగా చేశారు, ఇంధనం ఎక్కువ పోశారు, లేజర్‌తో వేగం కొలిచే పరికరం చేర్చారు, అయిదు ఇంజన్లను నాలుగు చేశారు. ఏది ఎక్కడ చెడిపోవచ్చు, చెడిపోయినా ఎలా దిగాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టి రూపకల్పన చేశామని ఇస్రోయే చెప్పింది. ఈ సమాచారమంతా పత్రికల్లో వచ్చింది. చప్పట్ల హోరులో లోపలి పేజీల్లో ఉండిపోయింది.

ఇంకో సంగతి. చంద్రుడి దక్షిణ ధ్రువం మీద దిగామని చాలాచోట్ల రాశారు. దిగినది దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. అక్కడినుంచి ధ్రువం ఇంకా 600 కిలోమీటర్లకు పైనే. అంతకుముందు ఏ దేశమూ అంత దక్షిణాన క్షేమంగా దిగలేదు. ఉన్న గొప్పే చాలినంత ఉంది, దానికి మనం కలపాల్సింది లేదు.

పేద దేశానికి ఈ ఖర్చు ఎందుకని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకుంది. మేఘాలను పైనుంచి చూసే మన సొంత ఉపగ్రహం అప్పటికి లేదు. 1982లో పంపిన ఇన్సాట్-1ఎ కొన్ని నెలలకే పనిచేయకుండా పోయింది. 1983లో ఇన్సాట్-1బి నిలబడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినప్పుడు, తుపాను ఎటు వస్తున్నదో రోజుల ముందే తెలిసింది. జనాన్ని ముందే తరలించారు. మన రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద దాటలేదు. ఉపగ్రహంతో పాటు రాడార్లు, హెచ్చరిక వ్యవస్థ, అధికారుల శ్రమ అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. అయినా ఖర్చు ఎందుకన్న ప్రశ్నకు మన తీరప్రాంతం వాళ్లకు వేరే జవాబు అక్కర్లేదు.

డబ్బు మనది, ప్రాణాలు మనవి. కాబట్టి తప్పిన ప్రయోగం వివరం తెలుసుకునే హక్కు కూడా మనదే. 2025 మే 18న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో లోపం వచ్చి ఈఓఎస్-09 ఉపగ్రహం చేజారింది. పీఎస్‌ఎల్‌వీ మీద అభిమానం ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇలాంటి ప్రతి వైఫల్యం మీద వేసిన కమిటీ నివేదిక, దేశ రక్షణకు సంబంధించిన భాగాలు తీసేసి, పూర్తిగా ప్రజల ముందు పెట్టాలి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. ఆ ఆగస్టులోనే దర్యాప్తు నివేదిక బయటికొచ్చింది. ఊడిపడి రెక్కను కొట్టిన నురుగు ముక్క ఎంత కారణమో, నాసా లోపలి పని పద్ధతులు కూడా అంత కారణమని నిర్మొహమాటంగా రాశారు. అలా రాసుకున్నందుకు నాసా పరువేమీ పోలేదు.

ఇంతదూరం వెళ్లి ఇప్పుడు మన బడికి వస్తాను. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరి నాశనమైంది. ఒక బృందం లెక్కను పౌండ్లలో ఇస్తే, రెండో బృందం అది న్యూటన్లలో ఉందనుకుంది. యూనిట్లు రాయలేదని అర మార్కు కోసిన మాస్టార్లు ఈ సభలో ఉన్నారు. అయ్యా, ఆ అర మార్కు విలువ ఎంతో అంగారకుడి దాకా వెళ్తే తెలిసింది!

కానీ మన ప్రయోగశాలల్లో ఒక అలవాటుంది. ఏ బడిలోనైనా ఉన్నదే. ఓం నియమం గ్రాఫు సరళరేఖ రావాలి. ఒక బిందువు పక్కకు పోతే పిల్లవాడు రబ్బరు తీసుకుని చెరిపి, గీత మీదికి జరుపుతాడు. పదికి పది వస్తాయి. ఆ పక్కకు పోయిన బిందువు వెనక వదులైన తీగ ఉండొచ్చు, వేడెక్కిన నిరోధం ఉండొచ్చు. వాల్వును వెతికి పట్టుకున్నవాళ్లు చేసిన పని అలాంటి బిందువును చెరపకుండా నిలబడి చూడడమే. మనం చేతులారా ఆ పనిని పిల్లల చేత మాన్పిస్తున్నాం.

అందుకని మూడు విన్నపాలు. గురువులకు మొదటిది. గీత తప్పిన బిందువును దాచకుండా చూపించి, ఎందుకు తప్పిందో నాలుగు వాక్యాలు రాసిన పిల్లవాడికి మార్కులు వేయండి. సంఘానికి రెండోది. స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం ప్రయోగశాలకు కేటాయించి, అక్కడ తప్పిన ప్రయోగాల కోసం ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టించండి. దేశవిదేశాల్లో ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, కంప్యూటర్ల ముందు పనిచేస్తున్న మిత్రులకు మూడోది. ఊరికి వచ్చినప్పుడు ఒక గంట బడికి రండి. ఎంత ఎదిగారో చెప్పడం తర్వాత చూద్దాం. చెడిపోయిన ఒక వస్తువులో లోపం ఎలా పట్టుకున్నారో పిల్లలకు చెప్పండి.

పిల్లలూ, ఈసారి శ్రీహరికోట నుంచి రాకెట్టు వెళ్లినప్పుడు చప్పట్లు కొట్టండి. తప్పితే మాత్రం ఆ వార్తను వదిలేయకండి, కారణం తేలేదాకా వెంటపడి చదవండి. రేపు ఆ కారణం వెతికే గదిలో మన బడి పిల్లలు కూడా కూర్చోవాలన్నది నా ఆశ.