కాశి నుండి తిరుగుదారి

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటేయని పెద్దలు చెప్పెడివారు. నేడీ మాట వినినచో పిల్లలు నవ్వుదురు. సికింద్రాబాదులో రైలెక్కినవాడు రెండు రాత్రులు గడచునంతలో గంగలో మునిగి తేలుచున్నాడు. ఆ సామెత పుట్టిన కాలమున మాత్రము అందులో హాస్యమేమియు లేదు. అప్పులు తీర్చి, రావలసిన బాకీలు కొడుకులకు చెప్పి, భూముల హద్దులు చూపించి, కన్నీటితో సెలవు పుచ్చుకొని బయలుదేరెడివారు. పోవుట భక్తి, తిరిగి వచ్చుట అదృష్టము. విచిత్రమేమనగా, యాత్రల ముచ్చట వచ్చినపుడెల్ల అందరును పోవుదారినే వర్ణింతురు. తిరుగుదారిని గూర్చి అడుగువారును లేరు, చెప్పువారును లేరు. నేటి ప్రసంగమునకు ఆ తిరుగుదారియే విషయము.

ఈ కథకు నాయకుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అనగా ద్విభాషి, ఉద్యోగము చేసినవారు. 1830 మే 18వ తేదీన కుటుంబముతోను, బంధువులతోను, బోయీలు, బంట్రోతులు, వంటవారలతోను, సుమారు నూరుమందిని వెంటబెట్టుకొని ఆయన చెన్నపట్టణము వెడలిరి. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము సేవించి, కృష్ణ దాటి, పాలమూరు ప్రాంతము మీదుగా హైదరాబాదు చేరిరి. ఆయన దారి ఇబ్రహీంపట్నమునకు పడమరగా సాగిపోయినది. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోయుచున్న ఇచ్చటి పెద్దచెరువు అప్పటికే రెండున్నర శతాబ్దముల వయసుది. దారి ఇటు మళ్ళియున్నచో దాని గట్టును గూర్చియు, నీటిని గూర్చియు నాలుగు పంక్తులైనను ఆ దినచర్యలో చేరియుండెడివి. నీళ్ళ సంగతి వ్రాయక ఆయన ఏ ఊరును దాటినవారు కారు.

హైదరాబాదు నుండి నాగపురము, ప్రయాగ, పిదప కాశి. అచ్చటినుండి గయ, కలకత్తా, పూరీ జగన్నాథము. ఆ మీదట సముద్రతీరము వెంబడి ఉత్తర సర్కారుల గుండ దక్షిణమునకు మరలి, 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరిరి. దినములు లెక్కించినచో నాలుగువందల డెబ్బదికి పైబడును.

నూరుమందిని నడపుట యనగా ఏమో ఈ సభలో పెండ్లివారిని పొరుగూరికి తీసికొనిపోయినవారికి కొంత తెలియును. తెల్లవారకముందే లేచుట, ఎండ ముదురకముందే మజిలీ చేరుట, వంట, భోజనము, ఎండ తగ్గగానే మరల ప్రయాణము. ప్రతి మజిలీలోను ఇవే ప్రశ్నలు: బావి ఉన్నదా? నీరు తాగదగినదా? కట్టెలు దొరకునా? కోమటి అంగళ్ళెన్ని? దిగుటకు సత్రమా, చావడియా, చెట్టునీడయా? వీరాస్వామయ్యగారి పుస్తకము తెరచినవారికి మొదట కనబడునవి ఈ సంగతులే. దేవుని మాటకన్న కట్టెల మాట హెచ్చుగా నున్నదని కొందరు పెదవి విరువవచ్చును. కాని తన వెంట వచ్చిన నూరుమందికిని పూటకు పిడికెడు అన్నము పెట్టవలసినవాడు కట్టెల మాట తలపక ఏమి చేయును? తరువాత ఆ దారిని పోవువారికి పనికివచ్చుననియే ఆయన అవన్నియు వ్రాసిరి.

ఇక తిరుగుదారి. పోవునపుడు ముందు కాశి యున్నది. ఆ పేరే కాళ్ళకు బలము. తిరుగునపుడు చూడవలసిన క్షేత్రములు ఒక్కొక్కటియే వెనుకబడును. మిగిలినది ఇల్లు. ఇంటివైపు మళ్ళిన ఎద్దు వడివడిగా నడచునని ప్రతి రైతునకును తెలియును. మనుష్యుడును అట్టివాడే. ఇల్లు దగ్గరపడిన కొలది తొందర హెచ్చును, జాగ్రత్త తగ్గును. వారము నిలువవలసిన చోట ఒక్కరాత్రి నిలుచును. ఏరు తీయువరకు ఆగవలసినవాడు ఆగడు. ఏడాదికి పైగా నడచిన కాళ్ళు, పలుచబడిన సంచి, పాతబడిన బట్టలు, మనసు మాత్రము ముందే ఇల్లు చేరియున్నది! దీర్ఘయాత్రలలో కడపటి మజిలీలు ప్రమాదకరములగుట ఇందువలననే.

వీరాస్వామయ్యగారి విషయమున కాలము కూడ అనుకూలించునది కాదు. సెప్టెంబరు మొదట ఇల్లు చేరినారనగా, ఆ ముందరి రెండు నెలలును వానకాలములోనే గడచినవన్నమాట. శ్రీకాకుళము సీమలో వంశధార, నాగావళి. ఆపైన గోదావరి, కృష్ణ, పెన్న. పూరీనుండి తీరము వెంబడి చెన్నపట్టణము పోవువాడు వీనినన్నిటిని దాటక తప్పదు. ధవళేశ్వరమున ఆనకట్ట పని 1847లోగాని ప్రారంభము కాలేదు. బెజవాడ ఆనకట్ట అటుపిమ్మటిది. గోదావరిపై రైలు వంతెన 1900లోగాని తెరువబడలేదు. నిండుగా పారు నదిని పడవలలో దాటుటయే గతి. మేనాలు, పెట్టెలు, వంటపాత్రలు, స్త్రీలు, ముసలివారు, వీరినందరిని విడతలు విడతలుగా దాటించి, కడపటి పడవ వచ్చువరకు గట్టుపై నిలిచి లెక్క చూచుకొనుట ఏ నాయకునికైనను తప్పని పని.

ఇంత అలసటలోను ఆయన కలము ఆగలేదు. ఇదియే ఈ కథలో గట్టి విశేషము. మనలో ఎవరైనను యాత్ర మొదటిదినమున అరపుట వ్రాసి, పదవనాడు పంక్తి వ్రాసి, నెలనాటికి పుస్తకమును మూటలో అడుగున పడవేయుదురు. ఆయన ఇంటి గుమ్మము చేరువరకు ఊరూరి సంగతియు వ్రాయుచునే యుండిరి. ఆ వ్రాతకు విలువ ఎట్లు వచ్చెనో చూడుడు. ఆయన గుంటూరు సీమను దాటి వచ్చిన రెండేండ్లలోపుననే ఆ సీమ నందననామ సంవత్సరపు కరవు పాలయ్యెను. 1832-33 సంవత్సరములలో వచ్చిన ఆ కరవున లెక్కకు మిక్కిలిగా జనులు ప్రాణములు కోల్పోయిరి. ఊళ్ళు పాడుపడెను. అంతకు కొంచెము ముందు తెలుగుదేశపు బాటలు, ఊళ్ళు ఎట్లుండెనో తెలిసికొనగోరువారికి ఒక బాటసారి తొందరపడక వ్రాసిపెట్టిన పుటలు నేడు ఆధారమైనవి.

కాశినుండి వచ్చినవారికి మన పల్లెలలో జరుగు మర్యాద అందరును ఎరిగినదే. పొలిమేరవరకు ఎదురేగి మేళతాళములతో ఊరిలోనికి తోడ్కొని వచ్చుట, వచ్చినవారి కాళ్ళకు మ్రొక్కుట, గంగచెంబునకు పూజ, సమారాధన, చేతికి కాశీదారము. గయలో ఏ కూర విడిచిరి, ఏ పండు విడిచిరి అని ఆడవారు విచారించుట. మొగము నల్లబడినదని తల్లి ఏడ్చుట. పది దినములు అరుగు నిండ జనము. పదునొకండవ దినమున మరల నాగలి, మరల బాకీలు. మూత వేసిన గంగచెంబు దేవునిగూటిలో నిలిచియుండును; ఎవరికైన ప్రాణము మీదికి వచ్చినపుడు దానిని తెరచి ఒక చుక్క నోట పోయుదురు. పోయి వచ్చినవాడు గతించినపిమ్మట ఆ యాత్రలో మిగులునది ఆ చుక్కయే.

గంగచెంబుకన్న బరువైన మూట తెచ్చినవాడొకడు లోకచరిత్రలో కలడు. చీనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగు క్రీ.శ. 629లో రాజాజ్ఞ లేకయే దేశము దాటి హిందూదేశమునకు వచ్చెను. మన ధాన్యకటకమునందును కొన్ని నెలలు నిలిచి చదివెను. తిరుగు ప్రయాణమున సింధునది దాటుచుండగా గాలికి పడవ తలక్రిందులగునంతగా ఊగి, ఏబది వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. వానికి మరల నకళ్ళు వ్రాయించి తెప్పించుకొనుటకై దారిలో ఆగెను. ఖోటానమున మరల ఆగి, చెప్పక వెడలిన తప్పు మన్నింపుమని చక్రవర్తికి జాబు వ్రాసి, ఉత్తరువు వచ్చినపిమ్మట కదలెను. 645లో రాజధాని ప్రవేశించునపుడు ఇరువది గుఱ్ఱములపై 657 గ్రంథములుండెను. అంతటితో ఆయన యాత్ర ముగిసెనా? మిగిలిన పంతొమ్మిదేండ్ల జీవితమును వాని భాషాంతరీకరణమునకే వినియోగించెను. 654లో సయితము, నదిలో పోయిన పుస్తకముల పట్టిక పంపి, వీలైనచో ఆ ప్రతులు పంపుడని హిందూదేశమునకు జాబు వ్రాసెను. ఇల్లు చేరిన తొమ్మిదేండ్లకును ఆ ఏబది పుస్తకములు ఆయన మనసును విడువలేదు!

వీరాస్వామయ్యగారి పెట్టెలో గుఱ్ఱపుమోత గ్రంథములు లేవు. స్వహస్తముతో వ్రాసిన దినచర్య కలదు. దానిని అచ్చు వేయించి కీర్తి పొందవలెనని ఆయన తొందరపడినట్లు కనబడదు. తిరిగి వచ్చిన అయిదేండ్లకు, 1836లో, ఆయన స్వర్గస్థులైరి. ఆ కాలమున వ్రాసినవాడు పోయినపిమ్మట వ్రాతప్రతి గతి ఏమో అందరికిని తెలిసినదే. అటకమీద కొన్నాళ్ళు, చెదల నోట కొన్నాళ్ళు. ఈ ప్రతికి ఆ గతి పట్టకపోవుటకు కారణము ఒక స్నేహితుడు. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు ఆ దినచర్యను శ్రద్ధతో కూర్చి, 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర ముద్రింపించిరి. తెలుగువాడు తెలుగులో వ్రాసిన యాత్రాగ్రంథములలో మొదటనే చెప్పదగినది ఆ విధముగా నిలిచెను. వ్రాసినవారు దానిని అచ్చులో చూచుకొనలేదు.

పుస్తకమునకును తిరుగుదారి కష్టములు తప్పలేదు. 1869లో మరియొక ముద్రణ వచ్చెను. ఆపైన డెబ్బది యేండ్లకు పైగా గడచినవి; ప్రతులు దొరకుట దుర్లభమయ్యెను. అప్పుడు బెజవాడలో న్యాయవాదియైన దిగవల్లి వేంకటశివరావుగారు దానిని వెదకి, పాఠము చూచి, పీఠికయు వివరములును చేర్చి 1941లో మూడవసారి ప్రకటించిరి. 1831లో చెన్నపట్టణమున ఇల్లు చేరిన బాటసారి నూటపదేండ్లకు తెలుగువారి ఇండ్లకు మరల వచ్చినట్లయ్యెను. ఈసారి బోయీలు లేరు, పడవలు లేవు. తపాలా బంగీ మాత్రము కలదు.