మా కోడలు ఎలుకనా, సిస్టరమ్మా?



కొన్నేళ్ళ క్రితం ఎనిమిదో నెల గర్భిణీ ఒకామె తలనొప్పితో, కళ్ళు మసకబారుతున్నాయంటూ వచ్చింది. బీపీ 170/110 ఉంది. ఇంజక్షన్ సిద్ధం చేస్తుంటే అత్తగారు నా చేయి పట్టుకుని, "ఈ మందులన్నీ ముందు ఎలుకలకిచ్చి చూస్తరంట కదా! మా కోడలు ఎలుకనా, సిస్టరమ్మా?" అని అడిగింది. ఆమెను ఒప్పించేసరికి అరగంట గడిచింది. ఈలోగా ఫిట్స్ వచ్చాయి. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆనాడు సరిగా చెప్పలేకపోయిన జవాబు ఈనాడు మీకు చెబుతాను.

ఐదో నెల దాటాక బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి, మూత్రంలో అల్బుమిన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటాము. ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దలు గుర్రపు వాతం అన్నారు. ఇది గాలి సోకడం కాదు, దిష్టి కాదు. మాయకు రక్తం సరిగా అందనప్పుడు అందులోంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలో ఎక్కువగా కలిసి రక్తనాళాలను దెబ్బతీస్తాయి.

ఈ సంగతి తెలియడానికి ఎలుకలే సాయపడ్డాయి. వాటికి ఈ జబ్బు దానంతట అది రాదు. 2003లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ అనంత్ కరుమంచి బృందం, మాయ నుండి వచ్చే ఒక ప్రొటీన్‌ను కడుపుతో ఉన్న ఎలుకల్లో పెంచి చూసింది. వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది. ఆ ప్రొటీన్‌ను తగ్గించే మందును తర్వాత బబూన్ కోతుల్లో కూడా పరీక్షించారు.

అయితే జంతువుకు మేలు చేసిన ప్రతి మందూ మనిషికి మేలు చేయదు. మాయ సరిగా పనిచేయక బిడ్డ ఎదగనప్పుడు సిల్డెనాఫిల్ ఉపయోగపడుతుందని జంతువుల్లో చూసి ఆశపడ్డారు. నెదర్లాండ్స్‌లో గర్భిణీలకు ఇచ్చి చూస్తే, పుట్టిన కొందరు పసికందులకు ఊపిరితిత్తుల సమస్య వచ్చింది. 2018లో ఆ పరీక్ష ఆపేశారు. కాబట్టి ఆ అత్తగారి భయం తప్పు కాదు.

కానీ ఆ రోజు నా చేతిలో ఉన్నది కొత్త మందు కాదు, మెగ్నీషియం సల్ఫేట్. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలలో పరీక్షించి, ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే తేల్చారు. బీపీ మాత్రల సంగతీ అంతే. మన నిర్మల్ మీదుగా పోయే హైవే చేరే నాగపూర్‌లోనే, రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 894 మంది గర్భిణీలకు నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా ఇచ్చి చూశారు. మూడూ ఎక్కువమందికి బీపీ తగ్గించాయని 2019లో ప్రకటించారు. ఈ మందులు జబ్బును అదుపులో పెడతాయి. జబ్బు పోవాలంటే మాత్రం కాన్పు కావలసిందే.

కాబట్టి తల్లులారా, చెకప్‌కు వచ్చిన ప్రతిసారీ బీపీ, మూత్రం చూపించుకోండి. విడవని తలనొప్పి, చూపు మసక, పై కడుపులో నొప్పి, ముఖం చేతులు వాయడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. కాన్పు అయ్యాక కూడా ఈ ఫిట్స్ రావచ్చు, మరువకండి.

మందు గురించి అనుమానముంటే తప్పక అడగండి. చెప్పడం మా బాధ్యత. కానీ నొప్పులొచ్చే రోజు వరకు ఆగకుండా, ఇప్పుడే, తీరికగా ఉన్నప్పుడే అడగండి.