ఔషధ రహస్యమును విప్పిన స్ఫటికము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



తెనాలిలోను బాపట్లలోను కీళ్లవాతమునకు మందు పుచ్చుకొనువారి సంచిలో రెండు విధముల మాత్రలు తరచుగా కలిసి యుండును. ఒకటి మెథోట్రెక్సేట్, రెండవది ఫోలిక్ ఆమ్లము. మొదటిదానిని ఈ రోగమునకు వారమునకొక్క దినముననే పుచ్చుకొనవలెను. పొరపాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. రెండవది మొదటిదాని చెఱుపును తగ్గించుటకు వైద్యుడు కలిపి యిచ్చునది. ఆ సంచితో రేపల్లె రైలులో కూర్చున్న వృద్ధునకు, ఈ రెండు మాత్రల వంశవృక్షమును ఒక్క తెలుగువాని చెంతకే చేరునని తెలియకపోవచ్చును.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. ఇరువురు సోదరులను స్ప్రూ అను గ్రహణి రోగము పొట్టన బెట్టుకొన్నది. అదే రోగము తనకును సోకగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికెను. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించునపుడు ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. పిమ్మట అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి శరీరములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లో ప్రకటించెను. 1940లో లెడర్లే కంపెనీ పరిశోధనశాలకు పోయెను. అచట ఆయన ఆధ్వర్యమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదియే మందుగా పరిణమించినది. బోదకాలు వ్యాధికి ఇచ్చు డై ఇథైల్ కార్బమజీన్ మాత్రయు ఆ బృందము వెలువరించినదే. కాని నేటి ప్రసంగమునకు అది పక్కదారి.

ఫోలిక్ ఆమ్లము లేనిదే శరీరమున కొత్త కణములు పుట్టవు. రక్తపు కాన్సరు కణములు విపరీతముగా పుట్టుచుండును గనుక వానికి దాని అవసరము మెండు. అట్లైన, చూచుటకు ఫోలిక్ ఆమ్లమువలె నుండి, దాని పని చేయని పదార్థము నొకటి లోనికి పంపిన నేమగును? సుబ్బారావు గారి బృందములోని రసాయనికులు ఫోలిక్ ఆమ్లములో ఒకచోట ప్రాణవాయువును తీసి నత్రజనిని కూర్చి అమినాప్టెరిన్ అను మందును చేసిరి. మోహినిని చూచి అసురులు మోసపోయినట్లు కణము దీనిని చూచి మోసపోవునని ఆశ. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఆ మందును రక్తపు కాన్సరు వచ్చిన 16 మంది పిల్లల కిచ్చి, పదిమందిలో రోగము తాత్కాలికముగా వెనుదీసినదని 1948 జూనులో ప్రకటించెను. అంతకుముందు ఆ పిల్లలకు మందన్నదే లేదు. ఆ ఆగష్టులోనే సుబ్బారావు గారు న్యూయార్కులో గతించిరి. అమినాప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్.

మందు పనిచేసినది గాని అది కణములో నెక్కడ పట్టుకొనుచున్నదో నాటికి తెలియదు. పదేండ్లకు, 1958లో, అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అను ఎంజైమును బంధించునని తేలినది. ఎంజైమనగా కణములో ఒక్కొక్క పనికి నియమింపబడిన మాంసకృత్తు. నోటిలో అన్నము తియ్యనగుట లాలాజలములోని అట్టి ఎంజైమువలననే. ఇది తాళమని, మందు మారు తాళపుచెవియని అనుకొన్నచో, తాళము లోపలి రూపు చూడక మంచి చెవి చేయు కమ్మరి ఎవడు? అయితే ఆ తాళము సామాన్యమైన వెలుగులో కనబడునది కాదు. అందులోని పరమాణువుల నడిమి దూరము సెంటీమీటరులో పది కోట్లవ వంతు మొదలు కొలువవలసినది. అంతటి సూక్ష్మమునకు ఎక్స్‌రే కిరణములే శరణ్యము.

ఒక్క అణువు ఆ కిరణములకు చాలదు. కోటానుకోట్ల అణువులు సైనికులవలె వరుసతీరి నిలువవలయును. ఆ వరుసయే స్ఫటికము. చినగంజాము ఉప్పు మడులలో ఉప్పు కట్టుట, పాకములో వ్రేలాడదీసిన దారమునకు కలకండ పట్టుట అందఱు ఎఱిగినవే. మాంసకృత్తు మాత్రము అంత తేలికగా కుదురుకొనదు. దానిని మిక్కిలి శుద్ధిచేసి, ద్రవములో మెల్లమెల్లగా పేరనీయవలెను. తొందరపడిన మడ్డి యగును. పేరిన పిదప ఎండనిచ్చిన వరుస చెడును. స్ఫటికమును దాని ద్రవములోనే తడిగా నుంచవలెనని 1934లో బెర్నాల్, డరతీ క్రోఫుట్ అనువారు పెప్సిన్ అను జీర్ణరసపు ఎంజైముతో చూపిరి.

స్ఫటికముగుండ పోయిన కిరణములు చెదరి వేలకొలది చుక్కలుగా పడును. ఇచటనే అసలు చిక్కు. సూర్యలంక తీరమున ఒడ్డు తాకిన కెరటముల ఎత్తులనన్నిటిని ఒకడు వ్రాసియుంచి, ఏది ముందు ఏది వెనుక అని వ్రాయలేదనుకొనుడు. ఆ పట్టీనిబట్టి సముద్రము నెట్లు తిరిగి గీయగలము? చుక్కలు చెప్పునది ఎత్తులనే. మాక్స్ పెరుట్జ్ 1953లో దీనికొక ఉపాయము చూపెను. స్ఫటికములోనికి పాదరసము వంటి బరువైన పరమాణువును చొప్పించి, చుక్కలలో వచ్చిన మార్పును లెక్కించుటయే ఆ ఉపాయము. పొలము కొలుచువారు సర్వే రాయి నొకదానిని నాటి దాని నుండి గట్లన్నిటిని తేల్చుట వంటిది. గొలుసు పట్టి ఎఱిగినవారికి దీని సొగసు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ మార్గముననే 1965లో డేవిడ్ ఫిలిప్స్ లండనులో లైసోజైము అను ఎంజైము రూపును మొట్టమొదట గీచెను.

సుబ్బారావు గారి మందు వంతు 1977లో వచ్చినది. కాలిఫోర్నియాలో మాథ్యూస్, క్రాట్, వారి సహచరులు ఒక సూక్ష్మజీవి యొక్క డైహైడ్రోఫోలేట్ రిడక్టేజును, మెథోట్రెక్సేట్ దానిని పట్టుకొనియుండగానే స్ఫటికముగా చేసి చూచిరి. 159 అమైనో ఆమ్లముల ఆ చిన్న యంత్రములో లోతైన గుంట కలదు. మందు దానిలో దూరి, 27వ స్థానమునందలి ఆస్పార్టిక్ ఆమ్లముతో గట్టిగా ముడివడియున్నది. ఆశ్చర్యమేమనగా, ఫోలిక్ ఆమ్లము కూర్చుండు తీరున మందు కూర్చుండలేదు! దాని ఉంగరము తలక్రిందులుగా తిరిగియున్నదని క్రమముగా నిర్ధారణ యైనది. మోహిని దృష్టాంతము ఇంతవరకే పనికివచ్చును. ముప్పదియేండ్లు అందఱు ఒకే వేషమని తలచినది నిజముగా వేఱొక ఆసనము. ఇట్టి సంగతి ఊహచేత తేలునది కాదు.

ఇదే ఎంజైము సూక్ష్మజీవులలోను మలేరియా పురుగులోను గలదు, కాని గుంట ఆకారములో స్వల్ప భేదములు. ఆ భేదముల వలననే ట్రైమెథోప్రిమ్ అను మందు సూక్ష్మజీవి ఎంజైమును మానవుని దానికంటె వేల రెట్లు గట్టిగా పట్టుకొని, రోగిని విడిచి రోగకారిని దెబ్బతీయును. మలేరియా కథ ఇంకను విచిత్రము. పైరిమెథమీన్ అను మందునకు ఆ పురుగు లొంగకపోవుటకు హేతువు 2003లో బ్యాంకాకు శాస్త్రజ్ఞుల స్ఫటికములలో కనబడినది. 108వ స్థానమున సెరీను పోయి, కొంచెము పెద్దదైన ఆస్పరాజీను వచ్చి మందునకు అడ్డుతగులుచున్నది. మందు బిగుసుకొని యుండుటయే దాని లోపము. వారు వంగగల అణువు నొకదానిని, అడ్డమును తప్పించుకొని కూర్చుండునట్లు, రూపొందించి 2012లో ప్రకటించిరి. చేతికందినదెల్ల రోగముపై ప్రయోగించి చూచు పాతపద్ధతికిని, తాళము చూచి చెవి చేయు ఈ పద్ధతికిని గల దూరము ఈ ఒక్క ఉదాహరణలోనే తెలియును. అయితే చెవి తాళమున కుదిరినంత మాత్రాన మందు కాదు. అది కడుపులో నిలువవలె, కాలేయమును చెఱపకుండవలె, మనుష్యులలో పరీక్షకు నిలువవలె. కీళ్లవాతములో మెథోట్రెక్సేట్ చేయు మేలు సయితము ఈ ఒక్క తాళముతో ముగియునది కాదు.

ఇట్లు గీచిన రూపములన్నిటికి ఒక గ్రంథాలయము కలదు. 1971లో ఏడు రూపములతో అమెరికాలో ఆరంభమైన ఆ ప్రోటీన్ డేటా బ్యాంకులో 2023 నాటికి రెండు లక్షలకు పైగా చేరినవి. చందా లేదు, ధరావతు లేదు. బాపట్ల కళాశాల విద్యార్థి యొకడు చేతిలోని ఫోనులో 4డిఎఫ్ఆర్ అను సంఖ్యను వెదకినచో, ఆ గుంటలో ఒదిగి కూర్చున్న మెథోట్రెక్సేటును పరమాణువు పరమాణువుగా త్రిప్పి చూచుకొనవచ్చును. సుబ్బారావు గారికి ఆ భాగ్యము లేకపోయెను.