వంశవృక్షమున అంకెల క్రమము
(మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన సంఘమువారు కుటుంబముల వంశవృక్షములను సేకరించి గ్రంథరూపమున ప్రకటింప సంకల్పించి, అందు పాటింపవలసిన క్రమమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని న న్నాజ్ఞాపించినారు. నేను బడిలో సంస్కృతము చెప్పుకొని బ్రదికినవాడను, గణితవేత్తను గాను. అయినను ఈ పనియం దొకమాఱు గొప్ప తప్పు చేసి, దానిని దిద్దుకొంటిని. ఆ యనుభవమే నాకు గల యర్హత.

మనలో తాత పేరు మనుమనికి పెట్టుట యాచారము. అందుచే నైదాఱు తరముల వంశమున నొక్క పేరే మూడుమాఱులు వినవచ్చును. ఏ పత్రము తాతది, ఏది మనుమనిది యని తెలియక తికమకపడిన కుటుంబము లెన్నియో గలవు. శ్రాద్ధమున మనము తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుదుము; ఆ పైవారి పేర్లు చాలమందికి నోటికి రావు. పేరు మనుష్యుని దెలుపునే కాని వంశమున నతని స్థానమును దెలుపదు. స్థానమును దెలుపున దంకె.

పూర్వులను లెక్కించుట సులభము. 1590లో ఐజింగరును, 1676లో స్పెయిన్ దేశీయుడగు సోసాయును ప్రకటించిన పద్ధతిలో తాను 1, తండ్రి 2, తల్లి 3. ఎవ్వని సంఖ్యను రెట్టించినను వాని తండ్రి సంఖ్య వచ్చును. దానికొకటి కూడిన తల్లి సంఖ్య. తన్ను మొదటి తరముగా నెంచిన, ఏడవ తరమున అఱువదినలుగురు పూర్వులు. ప్రతివానికిని తలిదండ్రు లిరువురే గనుక ఈ లెక్క తప్పదు. సంతానమున కట్టి నియమము లేదు. ఒకరికి బిడ్డ యొక్కడే, ఒకరికి పన్నెండుగురు. అందుచే క్రిందికి దిగు లెక్కకు వేఱు పద్ధతులు పుట్టినవి.

అమెరికాలో బోస్టను నగరమందలి వంశచరిత్ర సంఘమువారు 1870 నుండి తమ పత్రికలో, సంతానము గలవారికి వరుస సంఖ్యల నిచ్చుచు తరము వెంబడి తరమును ముద్రించు పద్ధతి నవలంబించిరి. చదువుటకిది హాయి, కాని సంఖ్యను జూచి బంధుత్వమును జెప్పజాలము. 1935లో రెజినాల్డ్ బుకానన్ హెన్రీ యనునాయన అమెరికా అధ్యక్షుల వంశావళులను ప్రకటించుచు, మూలపురుషుడు 1, ఆయన ప్రథమ సంతానము 11, ద్వితీయము 12 అని, తండ్రి సంఖ్య ప్రక్కనే బిడ్డ యంకెను జేర్చెను. పదవ బిడ్డ పుట్టినచో నిందు చిక్కు. అంకెకు మాఱుగా అక్షరము వాడవలసివచ్చును. 1940లో ఫ్రెంచివాడగు జాక్ దాబోవీల్ అంకెల నడుమ చుక్కల నుంచి ఆ చిక్కును దీర్చెను. 1.2.10 అనిన, మూలపురుషుని రెండవ బిడ్డకు పదవ సంతానము. ఎన్ని యంకెలున్నవో అన్నవ తరము. మన కిదియే తగునని నా యభిప్రాయము.

ఇక నా తప్పు వినుడు. ముప్పది యేండ్ల క్రిందట మా వంశవృక్షము నీ పద్ధతినే వ్రాసి గోడకు వ్రేలాడగట్టితిని. అందు మగవారికే సంఖ్యలు. వివాహముచే కన్యకు గోత్రాంతరము గలుగునుగదా యని కుమార్తెలను విడిచితిని. బాల్యముననే తల్లిని గోల్పోయిన నన్ను బెంచినది, చిన్నతనముననే భర్తను గోల్పోయి కూతుతో పుట్టినిల్లు చేరిన మా మేనత్త. ఆమె అక్షరములు కూడబలుకుకొని ఆ కాగిత మంతయు చదివి, “నాయనా, ఇందులో మీ నాన్న ఉన్నాడు, మీ బాబాయి ఉన్నాడు. నేనెవరింట్లో పుట్టానురా?” అని యడిగెను. గోత్రమును గూర్చి యేమో చెప్పబోయితిని. నోట మాట రాలేదు. ఆ కాగితమున నున్న పూర్వుల పేర్లలో సగము ఆమె చెప్పినవే.

మఱునాడు దానిని దింపితిని. ఆమె మా తండ్రికి అక్క. ఆమెకు 1.2.1 ఇయ్యగానే మా తండ్రి 1.2.2 ఆయెను; ఆ క్రిందివారి సంఖ్యలన్నియు మాఱెను. క్రొత్త కాగితము పూర్తియగునప్పటికి చూచుట కామె లేదు.

అప్పుడే మఱియొక సంగతి బోధపడినది. నేను 1.2.2.1. మేనత్త కుమార్తె 1.2.1.1. పినతండ్రి కుమార్తె 1.2.3.1. మువ్వురి సంఖ్యలలోను సమానభాగము 1.2, అనగా మా తాత. అంకెలు చెప్పున దింతే. ఐరోపా భాషలలో నాకు వీరిరువురును ఒక్క మాటకు లోబడిన బంధువులు. మన కట్లుగాదు: ఒకతె మరదలు, ఒకతె చెల్లెలు. నడుమ నున్నది స్త్రీయా పురుషుడా తెలిసిననే గాని వరుస తెలియదు. సపిండతయు నట్టిదే. మితాక్షర తండ్రి వైపున ఏడు తరములను, తల్లి వైపున ఐదింటిని జెప్పినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము వానిని ఐదు, మూడుగా తగ్గించి, ఆచారమున్నచోట మేనరికమును మన్నించినది. కుమార్తెను విడిచిన వృక్షముతో నీ లెక్క యెట్లు కట్టుదుము? 2005 నాటి వారసత్వ చట్ట సవరణచే, ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మతః హక్కు గలిగినది. చట్టమిచ్చిన స్థానమును మన గ్రంథ మీయకుండుట న్యాయమా?

కావున నా విన్నపము లివి. పుట్టిన క్రమముననే, ఆడ మగ భేదము లేక సంఖ్య లిండు; శైశవముననే గతించిన బిడ్డకును స్థాన ముంచుడు. సంఖ్య ప్రక్కన “పు”, “స్త్రీ” అను గుర్తు వ్రాయుడు. దత్తుని దత్తత తండ్రి క్రింద జూపి, జనకుని యింటను పేరుంచుడు. మేనరికపు బిడ్డలకు రెండు సంఖ్యలు వచ్చును; మేనమామ అక్క కూతును బెండ్లాడినచో నవి రెండు తరములకు జెందును. 1.3 వానికి 1.1.2 భార్యయైన, వారి బిడ్డ 1.3.1 మఱియు 1.1.2.1. వివరము తండ్రి వైపున వ్రాసి, తల్లి వైపున “1.3.1 చూడుడు” అని సూచింపుడు. అన్నిటికంటె ముఖ్యము: ఇంటిలోని వృద్ధస్త్రీల నడిగి సరిచూచువఱకు అంకెలను పెన్సిలుతోనే వ్రాయుడు. ఒక్క బిడ్డను మఱచిన, తరువాతి తోబుట్టువులును, వారి సంతతియును స్థానము తప్పుదురు.

ఈ గ్రంథము వెలువడిననాడు మన యాడుపడుచులలో నే యొక్కరును “నేనెవరింట్లో పుట్టాను?” అని యడుగకుందురుగాక!