ఇంటిపనికి తోడుపడుట
(నారాయణఖేడు: గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట నా వ్యసనము. వానిని నాకు గురుముఖమున చెప్పినవారు లేరు. నిఘంటువును, వ్యాఖ్యానమును దగ్గఱ నుంచుకొని ఒక్కొక్క పద్యమే కూడబలుకుకొంటిని. అట్టి నన్ను, సాయంకాలము లిచటికి వచ్చు పిల్లల ఇంటిపనిని గూర్చి మాటలాడుమని కోరిరి.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. ఒకనాడు ఏడవ తరగతి బాలుడొకడు లెక్క తెచ్చెను. 110 గజముల పొడవు, 88 గజముల వెడల్పు గల చేను ఎన్ని ఎకరములని ప్రశ్న. నాకది నిత్యము చేయు పనియే. మొత్తము 9,680 చదరపు గజములు, ఎకరమునకు 4,840. రెండెకరములని క్షణములో వ్రాసియిచ్చితిని. మఱునాడు తరగతిలో "ఎట్లు వచ్చినది?" అని యడుగగా వాడు తెల్లబోయెనట. పది దినములు గ్రంథాలయపు గడప త్రొక్కలేదు. ఉపకారము చేసితిననుకొంటిని, వాని పాఠమును హరించితిని.

సిగ్గుపడి వాని యింటికి పోయితిని. చెలకకు తోడ్కొనిపోయి పదునొకండు గజముల త్రాడు చేతికిచ్చితిని. అంత చదరము ఒక గుంట. నలువది గుంటలొక ఎకరము.

"నీ లెక్కలోని చేనికి ఈ త్రాడు పొడవున ఎన్నిమార్లు పట్టునురా?"

"పది, తాతా."

"వెడల్పున?"

"ఎనిమిది." వాడొక్క నిమిషమాగి, "ఎనుబది గుంటలు! రెండెకరములు!" అని కేకవేసెను. ఆ కేకలోని యానందము నా జవాబులో ఎన్నడును లేదు.

మన పొరుగున మెదకు జిల్లాలోని కొల్చారమువాడని పెద్దలు చెప్పు మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు సంజీవని యను వ్యాఖ్య రచించెను. ఆయన పదములు విప్పును, అన్వయము కూర్చును, కోశమును వ్యాకరణమును చూపును. పాఠకుని కవియొద్దకు చేర్చి తాను తొలగును. ఇంటిపనికి తోడుపడువారికి ఇంతకంటె మార్గదర్శి వేఱొకడు అక్కఱలేదు.

ఈ నారాయణఖేడు 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. ఇచట తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ వినవచ్చును. తండాలలో లంబాడీ భాష. కావున బిడ్డ తెలుగు ప్రశ్నకు తడబడినచో, ముందుగా ఇంటిమాటలో చెప్పుమనుడు. సగము చిక్కు విడిపోవును. భూగోళమున మంజీర వచ్చినచో పటము పఱచి, సింగూరునుండి వ్రేలితో ఎగువకు పోనిండు. బీదరు సీమ దాటి, మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టుక దొరకును. మరల దిగువకు వచ్చినచో కందకుర్తి కడ గోదావరిలో కలియును. ఒకసారి వ్రేలు నడచిన దారి మఱపు రాదు. విజ్ఞానశాస్త్రము నాకు రాదు. "నాకును తెలియదు, రా, చూతము" అని పుస్తకము తెఱతును. ఎట్లు వెదుకవలెనో బిడ్డ చూచును. అదియు నొక పాఠమే.

చెఱకు నఱుకుటకై తలిదండ్రులు వలసపోయిన బిడ్డకు రాత్రి యింట నడుగుటకు ఎవరున్నారు? వానికీ బల్లయే దిక్కు. కావున అక్షరము వచ్చిన ప్రతి పెద్దయు వారమున కొక్క సాయంకాలమిచట కూర్చుండవలెనని నా విన్నపము. కలము మాత్రము బిడ్డచేతనే యుండనిండు. స్వర్ణోత్సవమునాటికి ఆ బిడ్డలే ఈ బల్లకు ఆవలివైపున కూర్చుందురుగాక!