గోల్‌బజార్ సాయంత్రం – రెండు రాజీనామాలు
(ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో జరిగిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలకు ముందే ఒక మాట. భోజనాల వాసన మీకే కాదు, నాకూ వస్తోంది. కాబట్టి ఎక్కువసేపు మాట్లాడను.

నాకిచ్చిన విషయం ‘గొప్పవారి నుంచి నిత్యజీవితానికి స్ఫూర్తి’. దీనికోసం ఎంతో దూరం వెళ్ళక్కర్లేదు. ఈ రైల్వే ఊరితో సంబంధమున్న ఇద్దరి గురించి చెప్పుకుంటే చాలు. ఇద్దరూ రాజీనామాలు చేసినవాళ్ళే.

మొదటివారు వరాహగిరి వేంకటగిరి గారు. 1894లో బరంపురంలో పుట్టిన తెలుగువారు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చి, కోర్టులో సంపాదించుకోవలసిన కాలాన్ని కార్మికులకిచ్చారు. మన తాతల తరంలో శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి ఎందరో వచ్చి చేరిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఆయన సంఘం కట్టారు. 1928లో ఉద్యోగాలు పోయిన కార్మికుల కోసం అహింసా పద్ధతిలో సమ్మె నడిపించారు. కంపెనీ దిగివచ్చింది.

ఇదంతా రైల్వేవాళ్ళ కథ, మనకేం సంబంధమంటారా? ఇప్పుడు వినండి. 1954లో గిరిగారు కేంద్రంలో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. అది సరికాదని ఆయన మంత్రి పదవి వదులుకున్నారు. ఎవరి జీతాల కోసం? మన కౌంటర్ల వెనక కూర్చున్న ఆనాటి గుమస్తాల జీతాల కోసం. ఆ తర్వాత పదిహేనేళ్ళకు, 1969 జూలై 19న, 14 బ్యాంకుల్ని జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది కూడా తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న ఆయనే. మర్నాడే ఆ బాధ్యతకు రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి గెలిచారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుడికీ, మన పాస్‌బుక్కుకీ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉంది.

రెండోవారి పేరు చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు. మహేంద్రసింగ్ ధోనీ. (చప్పట్లు) చెప్పానా! 2001 నుంచి 2003 వరకు ఆయన ఈ ఖరగ్‌పూర్ స్టేషన్‌లో టికెట్ తనిఖీ ఉద్యోగి. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పేరున్న మన 1072 మీటర్ల ప్లాట్‌ఫారం మీద నల్లకోటుతో తిరిగారు. ఆ ఉద్యోగం వదిలేశారు, ఇండియా కెప్టెన్ అయ్యారు. అందరం చెప్పుకునే కథ ఇంతే.

ఈ కథ ఇంతే అనుకుంటే ప్రమాదం. ఎందుకో చెబుతాను.

ఆ మధ్య మన దగ్గరే పనిచేసే ఒక కుర్రాడు, పేరు చెప్పను, క్యాష్ అప్పగించాక నా గదిలోకి వచ్చాడు. జేబులో మడత పెట్టిన కాగితం. “సార్, రాజీనామా రాసుకున్నాను. రెండు నెలల నుంచి జేబులోనే ఉంది” అన్నాడు. తబలా అతని ప్రాణం. బ్యాంకులో చేరాక చెయ్యి వేయడమే కుదరలేదట. “ధోనీ ఇక్కడే ఉండిపోతే ఏమయ్యేవాడు సార్?” అని అడిగాడు. ఇంట్లో తల్లి మందులు, చెల్లెలి చదువు అతని జీతం మీదే నడుస్తున్నాయి.

“పద బాబూ, టీ తాగుదాం” అని గోల్‌బజార్‌లోకి తీసుకెళ్ళాను. మట్టి కప్పుల్లో టీ తాగుతూ అతనికి నాలుగు అంకెలు చెప్పాను: 0, 12, 7, 3. ధోనీ ఆడిన మొదటి నాలుగు వన్డేల పరుగులు ఇవి. ఐదో మ్యాచ్ 2005 ఏప్రిల్ 5న మన విశాఖపట్నంలో. అందులో పాకిస్తాన్ మీద 148. ఇక్కణ్ణుంచి అదే రైలు పట్టాల మీద వెళితే వచ్చే ఊరు! కానీ బాబూ, రాజీనామా చేసిన రోజున 148 రాలేదు. డ్యూటీ చేస్తూనే రైల్వే తరఫున ఆడిన రోజులు ముందున్నాయి. ఆడి ఓడిన రోజులు తర్వాత ఉన్నాయి. నువ్వు కాగితం ఇవ్వకముందు ఒక్క పని చెయ్యి. మంగళ, శుక్రవారాల్లో ఆరు దాటితే సీట్లో కనపడకు. మూడు నెలలు తబలా ముందు కూర్చో. అప్పటికీ కాగితమే కావాలనిపిస్తే నేనే ఫార్వర్డ్ చేస్తాను.

ఆ రెండు రోజులూ అతని సీటు పని పక్కవాళ్ళు పంచుకున్నారు. ఒకరోజు నేను, ఒకరోజు మన హెడ్ క్యాషియర్ గారు. మూడు నెలలు దాటాయి. ఇందాక ప్రార్థన గీతానికి తబలా వాయించింది అతనే. ఆ కాగితం ఇంకా జేబులో ఉందో లేదో నేను అడగలేదు. అడగను కూడా. రేపు ఇచ్చినా నాకు సంతోషమే. అలసటతో కాక, ఆలోచించి ఇచ్చినట్టవుతుంది. గిరిగారు ఇచ్చింది అలాంటిదే.

రోజుకు 8 గంటల పని అన్నది మనకు ఎవరో దయతో ఇచ్చింది కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసుకున్న మొట్టమొదటి ఒప్పందమే అది. దాని వెనక ఎంతోమంది పోరాటముంది. మార్చి నెలాఖరులో, ఆడిట్ రోజుల్లో గంటలు లెక్కపెట్టమని నేను చెప్పను. మిగతా రోజుల్లో కూడా పని లేకపోయినా, పెద్దవాళ్ళు లేవలేదని కూర్చుంటున్నామే, దాని సంగతి చెబుతున్నాను.

సాయంత్రం మిగిలితే ఏం చేస్తాం అంటే గోల్‌బజార్ ఉందిగా! ఒకే కూరల బుట్ట దగ్గర బెంగాలీ, తెలుగు, హిందీ కలిపి బేరమాడే ఊరు మనకు దొరికింది. నాకు కూరలమ్మే బెంగాలీ పెద్దాయన “ఎంత కావాలి?” అని తెలుగులోనే అడుగుతాడు. ఆవనూనె, పచ్చిమిర్చి కలిపిన మూరీ పొట్లం, పుచ్‌కా బండి దగ్గర పిల్లల గొడవ, చలికాలం వస్తే కొత్త ఖర్జూర బెల్లం. వీటికి లోను అక్కర్లేదు.

వానాకాలం ఇలీష్ సంగతి చెప్పకపోతే గోదావరివాళ్ళు ఒప్పుకోరు. ఇక్కడ ఇలీష్ అంటున్నదీ, వరదకు సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వచ్చి పులస అనిపించుకునేదీ ఒక్క చేపే. పుస్తెలమ్మైనా తినాలని సామెత. మన బ్యాంకువాళ్ళు అమ్మక్కర్లేదు, గోల్డ్ లోను ఉంది! (నవ్వులు) కానీ ఎంత మంచి చేపైనా రాత్రి పదింటికి, చల్లారిపోయాక, ఒక్కరూ కూర్చుని తింటే రుచేముంది?

అందుకే ఇంటివాళ్ళకు, ముఖ్యంగా పిల్లలకు ఒక అధికారం ఇస్తున్నాను. వారంలో ఒక రోజు మీరు ఎంచుకోండి. ఆ రోజు ఆరున్నరకు నాన్నకో అమ్మకో ఫోన్ చేసి, “గోల్‌బజార్‌కు ఎప్పుడు వెళ్తున్నాం?” అని అడగండి. అమ్మానాన్నలు “మేనేజరు గారు వదల్లేదు” అంటే ఫోన్ నాకిమ్మనండి. నేను చూసుకుంటాను.

పదండి, భోజనాలు చల్లారిపోతున్నాయి.